చెదలు అతికిన ఎముక

ఒకప్పుడు మనిషి నడుము కింద ఐదు ఎముకలు విడివిడిగా ఉండేవి. దండలో పూసల్లా కదిలేవి. నెత్తిన నీళ్ళకుండ పెట్టుకుంటే చాలు, ఒకటి అటు, ఒకటి ఇటు జారిపోయేవి. మనుషులు ఎక్కడివాళ్ళక్కడ కూలబడి ఏడ్చేవాళ్ళు.

ఎర్నమ్మకి తన నడుం గురించి బెంగ లేదు. బెంగంతా కూతురు చిన్నాలు గురించే. చిన్నాలుకి తొమ్మిదో నెల. కడుపు బరువుకి ఎముకలు జారి, నిలబడలేక పాకేది. దీనికి కానుపెలా అవుతుందో అని ఎర్నమ్మ చెదలపుట్ట దగ్గర కూర్చుని ఏడ్చింది.

పుట్టలోంచి చెదల పెద్ద తల బయటపెట్టింది. "మెల్లిగా ఏడవమ్మా. మా గోడలు తడిసిపోతన్నాయి."

"మట్టిని రాయిలా అతుకుతారు కదా మీరు. నా పిల్ల ఎముకలు అతకండి తల్లీ."

"అతుకుతాం. కానీ మేం గుడ్డోళ్ళం. మాలో రెక్కలొచ్చినోళ్ళకే కళ్ళు. ఆళ్ళు కొలత చెప్తే మేం అతకాల. తొలకరి పడితే ఆళ్ళు ఎగిరిపోవాల, అయినా మీ పనయ్యేదాకా ఆపుతాను. ఆళ్ళని భద్రంగా చూసుకోండి."

ఆ మాట విని ఊరంతా తమ ఎముకలూ అతికించుకోడానికి వచ్చి పుట్ట చుట్టూ పడుకుంది. "ముందు నాకు చెయ్యండి. నొప్పెంతో చూసి పిల్లకి చెప్తాను," అంది ఎర్నమ్మ.

రెక్కలవాళ్ళు కొలత చెప్పారు. గుడ్డివాళ్ళు అతికారు. ఐదెముకలూ ఒకటయ్యాయి. నరాలు పోవడానికి అటు నాలుగు, ఇటు నాలుగు చిల్లులు. పుట్టకి ఉన్నట్టే ఎముక అడుగున చిన్న తలుపు. ఎర్నమ్మ లేచి నిటారుగా నిలబడింది. "చీమ కుట్టినంత కూడా లేదే చిన్నాలూ!"

అంతలో తొలకరి చినుకు పడింది. రెక్కలవాళ్ళు పుట్ట నోటి దగ్గర రెపరెపలాడుతూ ఆగారు.

తొలకరికి ఎగిరే ఈ రెక్కల చెదల్ని, ఉసిళ్ళని, పట్టి వేపుకోవడం ఆ ఊరి అలవాటు. తడిమట్టి వాసనకి చిన్నాలుకి నోరూరింది. "అమ్మా, బియ్యంతో వేపి గుప్పెడు పెట్టవే."

"కడుపుతో ఉన్నదానివి, అడిగితే లేదంటానేటి?" అంటూ ఎర్నమ్మ పుట్ట మీద బుట్ట బోర్లించేసింది. ఆ చెయ్యి ఏటేటా చేసే పనే. ఆలోచించలేదు.

"ఎర్నమ్మే పడతంటే మనకేటి?" అని అందరూ బుట్టలు తెచ్చారు. పెనాలు చిటపటలాడాయి.

చెదల పెద్ద బయటికొచ్చి గాలిలో తడుముకుంది. "మా కళ్ళేవి?"

ఎర్నమ్మ చేతిలో పెనం ఇంకా పొగలు కక్కుతోంది. చిన్నాలు నోట్లో సగం నమిలిన గుప్పెడు.

"మాటిచ్చాం కాబట్టి అతుకుతాం," అంది చెదల పెద్ద. "తడుముకుంటా అతుకుతాం."

తడుముకుంటూ ఒకరికి నాలుగే అతికాయి. ఒకరికి పై ఎముకని కూడా లాగి ఆరు చేశాయి. ఒకరికి తలుపు పెద్దది, ఒకరికి సన్నం, ఒకరికి పూర్తిగా మూసేశాయి. చిన్నాలుకి ఎముక లోపలికి వంగిపోయింది. బిడ్డ వచ్చే దారికి అడ్డంగా.

ఎర్నమ్మ మట్టిలో పడి దొర్లింది. "విప్పెయ్యండి! పాకినా పర్లేదు, విప్పెయ్యండి!"

"ఆరిపోయింది తల్లీ. ఆరినాక విప్పడం మాకూ రాదు."

చిన్నాలు రెండు రోజులు నొప్పులు పడింది. మూడోనాటికి బిడ్డ వచ్చింది. ఏడవలేదు.

చిన్నాలు గోడకేసి తిరిగి పడుకుంది. ఆ తరవాత ఎప్పుడూ తల్లిని ఇది తింటాను పెట్టమని అడగలేదు.

ఎర్నమ్మ ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి ఆడదాని దగ్గరికీ వెళ్ళేది. నడుం మీద చెయ్యి వేసి తడిమేది. ఎవరికి కష్టమో వేలికి తెలిసిపోయేది. తెలిసేది, అంతే. చెయ్యగలిగింది ఏమీ లేదు. తన ఎముక ఒక్కటే సరిగ్గా కుదిరింది. దాంతోనే నిటారుగా నడిచి ఇంటికొచ్చేది.

అప్పటినుంచే ఏ ఇద్దరికీ నడుం కింది ఎముక ఒక్కలా ఉండదు. ఆసుపత్రిలో ఆ ఎముక దగ్గర మత్తుసూది వేసే డాక్టరు, ఎంత చదువుకున్నా సరే, ముందు ఆ చిన్న తలుపు కోసం గుడ్డిచెదలా వేలితో తడుముకుంటాడు. కొందరికి అది దొరకదు.