ఖాళీ బండి

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట కొండదారులు లేవు. సాలూరు లారీ రిపేరు షెడ్డు కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను విన్నది విన్నట్టే చెబుతాను.

ఆ షెడ్డులో జలాలుద్దీన్ మేస్త్రి దగ్గర పోలినాయుడు పని నేర్చుకునేవాడు. చురుకైనవాడే, నిలకడ లేదు. మేస్త్రి పొరుగూరు వెళ్ళినప్పుడు గౌరీసు అనే డ్రైవరు ఉల్లిపాయల లారీ తెచ్చాడు. కొండ ఎక్కే ఘాటీలో బండి లాగడం లేదని, నిన్న సగంలో ఆగి వెనక్కి జారిందని చెప్పాడు.

పోలినాయుడు బస్తాలన్నీ దింపించాడు. ఫిల్టర్లు మార్చాడు. ఇంజనుకు గాలి ఒత్తిపెట్టే టర్బో చూశాడు, దాని గాలిగొట్టాలు తడిమాడు. ఖాళీ బండిని రోడ్డు మీద తోలితే దూసుకుపోయింది. నమ్మకం కుదరక మళ్ళీ విప్పాడు, మళ్ళీ తోలాడు. లోపం దొరకలేదు.

"తొక్కడానికి కాలు వణికితే ఇంజనేం చేస్తుంది?" అన్నాడు. లారీ ఓనరుకు ఫోన్ చేసి అదే మాట చెప్పేశాడు. సాయంత్రానికి వేరే డ్రైవర్ని పంపుతానన్నాడు ఓనరు.

గౌరీసు బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. "నా పని పోతే పోనీ బాబూ. ఆ వచ్చేవోడు బండితో జారిపోతే?"

అంతలో మేస్త్రి వచ్చాడు. సంగతి విని, బస్తాలు మళ్ళీ ఎక్కించమన్నాడు. గౌరీసునే తోలమని, తానూ ఎక్కి, పోలినాయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఘాటీ ఎక్కించాడు.

రెండో మలుపో మూడో మలుపో నాకు కచ్చితంగా తెలియదు. బండి మూలిగింది, నల్లటి పొగ కక్కింది. కింద ఎక్కడో సుయ్‌మని గాలి పోతున్న చప్పుడు. గౌరీసు బ్రేకు మీద నిలబడ్డాడు. పోలినాయుడు దూకి చక్రాలకు రాళ్ళు పెట్టాడు.

ఇంజను ఆపించి, టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని మేస్త్రి చేత్తో వంచాడు. అడుగున చీలిక నోరు తెరిచింది. వదిలితే మూసుకుపోయింది.

"షెడ్డులో ఎందుకు కనబడలేదు మేస్త్రీ?"

"అక్కడ దాన్ని నువ్వేమీ మొయ్యమనలేదుగా."

పోలినాయుడు గౌరీసు ముఖం చూడలేకపోయాడు. జేబులోంచి ఫోన్ తీసి, రోడ్డు పక్కనే నిలబడి, ఓనరు నంబరు నొక్కాడు.

ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి, మీ స్నేహితులకూ చెప్పండి. చెప్పేటప్పుడు పోలినాయుణ్ణి మాత్రం చెడ్డవాణ్ణి చెయ్యకండి.