నది వెనక్కి నడిచే పారిష్

“మీ గడ్డినేల జోలికి నేనెప్పటికీ రాను. ఇది నా మాట.”

ఒకప్పుడు, కెనడా తూర్పు అంచున సముద్రం ఒడ్డు పల్లెలవాళ్ళకు ఇలా మాట ఇచ్చిన రోజుల్లో, అక్కడి నది కూడా అన్ని నదుల్లాగే ఒకే వైపు పారేది.

ఆ నది ఒడ్డున సెయింట్ ఓరెల్ అనే పారిష్ ఉండేది. పారిష్ అంటే కొన్ని పల్లెల గుంపు. ఎప్పుడో ఒక దొర వచ్చి పటం మీద మూడు వైపులా గీతలు గీశాడు. నాలుగో వైపు నదినే హద్దుగా వదిలేశాడు. పారిష్‌కి సొంత పాలకులు లేరు. చట్టాలన్నీ దూరాన రాజధానిలో తయారయ్యేవి. ఊరివాళ్ళకు మిగిలింది బడిగదిలో సభ పెట్టి చేతులెత్తడమే.

వాళ్ళ తాతలు ఆవులకు గడ్డి పెరిగే నేల చుట్టూ బురదతో కట్ట కట్టి, దానికి చెక్క తలుపు పెట్టారు. వాననీళ్ళు బయటికి పోయేటప్పుడు అది తెరుచుకునేది. ఉప్పునీళ్ళు వస్తే మూసుకునేది. ఒక వేసవిలో సముద్రం ఆ కట్టను తెంచి గడ్డినేలను మింగేసింది.

సభ కూడింది.

“అక్టోబరు ఇరవైకి ఆవుల్ని కొట్టంలో కట్టెయ్యాలి,” అంది సెలెస్టీన్ అవ్వ. “అప్పటికి గడ్డి లేకపోతే అవి చలికాలం దాటవు. సముద్రాన్ని ఎవరు అడుగుతారు?”

“నేను అడుగుతా,” అంది బడి వెనక పారే నది. “గడ్డి కోసేవాళ్ళదే నేల.”

“వెళ్ళు తల్లీ,” అంది అవ్వ. “మా పద్ధతి తెలుసుగా? కబురు మోసినవాళ్ళే తిరిగొచ్చి జవాబు చెప్పాలి. అందాకా సభ లేవదు.”

కిటికీ మీది కొంగ నవ్వింది. “నది వెనక్కి రావడమా? ఇక్కడే కూర్చుని ముసలివాళ్ళయిపోతారు మీరు.”

“నేను ఎప్పుడో అయ్యాను. నువ్వు జరుగు, గాలి రానీ,” అంది అవ్వ.

నది వెళ్ళి సముద్రాన్ని నిలదీసింది. “మాట ఎందుకు తప్పావు?”

“గడ్డినేల నాదేనని రాజధాని నుంచి కాగితం వచ్చింది.”

“మమ్మల్ని అడక్కుండా మా నేల మీద కాగితమా? అక్టోబరు ఇరవైలోగా జవాబు చెప్పు.”

“తర్వాత రా. చూద్దాం.”

నదికి బడిగదిలో కూర్చున్నవాళ్ళు గుర్తొచ్చారు. గడ్డినేల నుంచి కొట్టుకొచ్చి సముద్రం అడుగున పడి ఉన్న తమ మట్టిని దోసిట పట్టింది. ఒళ్ళంతా ఒక్క అలగా చేసుకుని ఎగువకు నడిచింది. మట్టిని గడ్డినేల మీద పోసి, “జవాబు రాలేదు,” అంది.

అవ్వ ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసింది. “మనదే. మళ్ళీ వెళ్ళు.”

నది వెళ్తూ వస్తూనే ఉంది. మట్టి పేరుకుంది. మంచు పడేలోగా ఆవులకు సరిపడా గడ్డి మొలిచింది. జవాబు మాత్రం రాలేదు. సభా లేవలేదు.

అప్పటినుంచే ఆ నది రోజుకు రెండుసార్లు వెనక్కి పారుతుంది, గోధుమరంగు మట్టి మోసుకుంటూ. దిగువకు వెళ్ళిన ప్రతిసారీ సముద్రానికి జవాబు చెప్పాల్సిన గడువు గుర్తు చేస్తుంది: అక్టోబరు ఇరవై.