ఎండలో పెట్టిన అతుకు

చౌడమ్మకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? మొహర్రానికి ఊరేగించే పెద్ద పీరు, అరచెయ్యి ఆకారంలో ఉండే ఇత్తడిది, కాడ దగ్గర విరిగింది. పీర్ల చావిడి పెద్ద ఫకీరప్ప ఆ రెండు ముక్కలూ గుడ్డలో చుట్టుకుని ఇత్తడి సామాన్లు అతికే దస్తగిరి తాత దగ్గరికి తెచ్చాడు. తాత తిప్పి చూసి, "మా చౌడమ్మ అతుకుతుంది" అన్నాడు. ఫకీరప్ప మొహం మాడిపోయింది.

"ఇదేం ఖర్మ తాతా! నువ్వుండగా ఆడమనిషి అతకడమేంది? రేపు ఆ పీరును ఎవరెత్తుకుంటారు?"

ఆయన వెంట వచ్చినవాళ్ళు తలలూపారు. తాత మాత్రం ఆ ముక్కలు చౌడమ్మ చేతిలో పెట్టేసి గోడవారకు పోయి కూర్చున్నాడు.

దస్తగిరి తాతకు ఇంటి వెనక రేకుల షెడ్డే పని, షెడ్డే నమాజు. ఊళ్ళో సగం మంది ఆయన్ను గురువంటారు, సగం మంది పిచ్చోడంటారు. చౌడమ్మ ఊదుబత్తీలు చుట్టే పని వదిలేసి ఆయన దగ్గర చేరాక ఆ రెండో సగం బాగా పెరిగింది. ఇప్పుడు ఈ అతుకు చెడితే ఇంక చెప్పేదేముంది? తాతల నాటి పీరును తగలబెట్టిందంటారు. ఆమెకు ఇంకెవరూ చిల్లుచెంబు కూడా ఇవ్వరు.

"షెడ్లో చేస్తే తాత చేసి నా పేరు చెప్పినాడంటారు" అంది చౌడమ్మ. "బయటే చేస్తా. అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి!"

ఇటుకలు, గ్యాస్ టార్చి, సామానంతా వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. మిట్టమధ్యాహ్నం. ముక్కల అంచులు తళతళలాడేదాకా గీకింది. టంకం పట్టేందుకు వెలిగారం పొడి నీళ్ళలో కలిపి పూసింది. రెండూ బిగించి నిలబెట్టి టార్చి వెలిగించింది.

ఇత్తడి మసక ఎరుపుకు రావాలి. అప్పుడు టంకం కడ్డీ తాకిస్తే చాలు, అదే కరిగి సందులోకి పాకుతుంది. చౌడమ్మ ఎరుపు కోసం చూసింది. రాలేదు. ఇంకా చూసింది. రాలేదు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

"నవ్వురా నవ్వు" అని పళ్ళు కొరికి, మంట పెంచింది.

అతుకు దగ్గర సన్నగా తెల్లటి పొగ లేచింది.

తాత చటుక్కున లేచొచ్చాడు. భుజం మీది దుప్పటి తీసి, రెండు చేతులా ఎత్తి ఆ ముక్కలకు ఎండ తగలకుండా అడ్డం పట్టాడు.

ఎండ వెలుగులో తెలియని ఇత్తడి రంగు ఆ నీడలో కనబడింది. మసక ఎరుపు ఎప్పుడో దాటిపోయి భగభగలాడుతోంది. ఇంకొంచెంసేపు ఉంటే పీరు వేళ్ళు కారిపోయేవే. చౌడమ్మ మంట పక్కకు లాగేసింది.

"చూసినారా, తాత దాని పరువు దుప్పటితో కప్పుతాండాడు" అన్నాడు ఫకీరప్ప. "ఇంక చాలు తాతా, లోపలికి తీసుకుపోయి నువ్వే చెయ్."

చౌడమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"నేను లోపలికి పోను. ఈడనే చేస్తా, వీళ్ళ ముందరే చేస్తా. నా కోపం తప్పంటావా తాతా?"

"తప్పు కోపానిది కాదమ్మీ" అన్నాడు తాత. "ఎండది."

చౌడమ్మ ఆయన వైపు చూసింది, ఆ దుప్పటి వైపు చూసింది. ఇత్తడి చల్లారేదాకా పక్కనే కూర్చుంది. మాడిన వెలిగారమంతా గీకేసి, అంచులు మళ్ళీ తళతళలాడించి, మళ్ళీ పూసింది.

తాత దుప్పటి ఒక కొస ఫకీరప్ప వైపు చాపాడు.

"పట్టుకో."

"నేనా?"

"పీరు నీది కాదా?"

ఫకీరప్ప చుట్టూ చూశాడు. వెంట వచ్చినవాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు. ఏం చేస్తాడు పాపం, కొస పట్టుకున్నాడు.

చౌడమ్మ టార్చి వెలిగించి మంట సన్నం చేసింది. మందంగా ఉన్న కాడను ముందు కాచింది, పలచటి అరచేతికి మంటను అప్పుడప్పుడూ చూపించింది. వెలిగారం నీళ్ళలాగా మెరిసింది. దుప్పటి నీడలో ఇత్తడి మెల్లగా మసక ఎరుపుకు వస్తోంది.

"ఫకీరప్పా" అంది చౌడమ్మ, తలెత్తకుండానే. "ఎండ పడతాంది. ఇంకొంచెం కిందికి వంచు."

ఫకీరప్ప వంచాడు.