ఎడమకాలి చెప్పు

దావీదు వేసిన క్లచ్ ప్లేటు నెల తిరక్కుండా కాలిపోయింది.

నల్లమల ఘాటు రోడ్డు మొదట్లో ఖాదర్ ఉస్తాద్ మెకానిక్ షెడ్డు. అక్కడ పని నేర్చుకుంటున్న దావీదుకి, తన చేయి పడ్డ బండి మళ్ళీ షెడ్డు మొహం చూడదని గొప్ప నమ్మకం. ఆ సంగతి అతని నోట వినంది ఆ వీధిలో గేదెలొక్కటే.

తిరిగొచ్చిన కారులో కూర్చుని దావీదు హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలాడు. ప్లేటు బాగుంటే ఇంజను ఠక్కున ఆగిపోవాలి. ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉంది.

“ప్లేటు జారుతోంది. నా పనిలో మాత్రం తప్పు లేదు ఓబులేసూ. మీ అన్నే వచ్చి క్లచ్ తొక్కుతున్నట్టున్నాడు!”

కారు ఓబులేసుది, బాడుగకి తిప్పుతాడు. అంతకుముందు వాళ్ళన్న నడిపేవాడు. నిరుడు జ్వరమొచ్చి పోయాడు.

ఓబులేసు నవ్వలేదు.

“నాకూ అట్లనే ఉంటాది. ఘాటెక్కేటప్పుడు ఇంజను అరుస్తాది, బండి మాత్రం కదలదు. ఎవరో పట్టుకున్నట్టే. నావల్ల కాదు దావీదూ. రేపు తుక్కుకి తోలేస్తా. మా అన్నదని మిగిలింది ఇదొక్కటే... అయినా సరే.”

దావీదు నాలుక కరుచుకున్నాడు. ఉస్తాద్ అతనిచేతే ఇంకో ప్లేటు వేయించాడు.

మర్నాడు ముగ్గురూ ఘాటెక్కారు. ఓబులేసు స్టీరింగు దగ్గర, పక్కన ఉస్తాద్, వెనక దావీదు.

సగం దూరం పోయేసరికి మంచు కమ్మింది. మిట్టమధ్యాహ్నం లైట్లు వేసినా రోడ్డు కనబడలేదు. ఒక పిట్ట కూత లేదు. ఉన్నట్టుండి ఇంజను కేక పెట్టింది. కారు మాత్రం నీళ్ళలో నడిచే మనిషిలా బరువుగా పాకింది. కాలిన వాసన.

“వచ్చినాడు ఉస్తాద్,” అన్నాడు ఓబులేసు. “అన్న వచ్చినాడు.”

వెనక సీట్లో దావీదు కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. నిన్నటి హాస్యగాడే.

“నీ ఎడమకాలి చెప్పు ఇటియ్యి,” అన్నాడు ఉస్తాద్ ఓబులేసుతో.

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

చెప్పు విడవడానికి ఓబులేసు కాలెత్తాడు. ఎవరో చేయి వదిలేసినట్టు కారు ఒక్కసారి ముందుకు దూకి, చకచకా పైకెక్కింది.

ఉస్తాద్ ఓబులేసు కాలికేసి చూశాడు.

“కాలు ఎప్పుడూ క్లచ్ మీదే పెట్టుకొమ్మని నీకు ఎవరు నేర్పారు?”

“మా అన్నే. ఘాట్లో కాలు తీయొద్దురా, బండి ఆగిపోతే లోయలోకే అనేవాడు.”

“మంచికే చెప్పాడు. కానీ కాలు ఆనించే ఉంచితే ప్లేటు జారి కాలిపోతుంది. ఇక ఆ కాలు కింద పెట్టుకో.”

ఓబులేసు కళ్ళు తుడుచుకుని, ఎడమకాలు కింద ఆనించాడు. తుక్కు మాట మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళను షెడ్డు దగ్గర దింపి, బాడుగ ఉందని వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగాక దావీదుకి ధైర్యం తిరిగొచ్చింది.

“అంటే ఉత్త అలవాటే! చచ్చినోళ్ళు వచ్చి బండి తొక్కుతారా ఎక్కడైనా? నువ్వు చెప్పు ఉస్తాద్, నీకు పని నేర్పినాయన పోయి ఎన్నేళ్ళయింది? ఇప్పుడు ఎక్కడున్నాడు?”

ఉస్తాద్ బకెట్ దగ్గర కూర్చుని, సబ్బుపొడి చల్లుకుని, వేళ్ళసందుల్లో గ్రీసు రుద్దుకుంటున్నాడు. తలెత్తలేదు.

“ఇదిగో, చేతులు కడుక్కుంటున్నాడు.”