సుద్దగుట్ట మీద సాయవ్వ వంట

మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్లు కూడా రాని కాలం. ఒక సుద్దగుట్ట ఉండేదట. ఎంత తవ్వినా తెలుపే. ఆ తెల్లమట్టిలో, మనకన్నా ముందెప్పుడో బతికినవాళ్ల గోడల పునాదులు, కుండపెంకులు, పొయ్యిరాళ్లు బయటపడేవి. వాళ్లెవరో, ఎటు పోయారో ఎవరికీ తెలియదు.

గుట్ట కింది ఊళ్లో సాయవ్వ ఉండేది. సుద్ద తవ్వి, గంపకెత్తి, గోడలకు పూసుకునేవాళ్లకు అమ్మి బతికేది. ఆమెది ఒకటే కట్టుబాటు. మూడు రాళ్లు, మధ్యన బూడిద కనిపిస్తే ఆ గుంత పూడ్చెయ్యాల్సిందే.

"ఒకరి పొయ్యి తవ్వద్దు బిడ్డా" అని కోడలు రాజవ్వకు రోజూ చెప్పేది.

కోడలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. పొయ్యి కింది సుద్ద మరీ తెల్లగా ఉందని ఒకనాడు ఆ మూడు రాళ్లూ పెకిలించింది. ఊరికే పారెయ్యడమెందుకని ఇంటికి తెచ్చి తన పొయ్యికి పెట్టుకుంది.

ఇక ఆ పొయ్యి అంటుకోలేదు. ఎండుకట్టెలు పెట్టినా అంటుకోలేదు. పక్కింటి నిప్పు తెచ్చినా అంటుకోలేదు. ఆపైన ఉయ్యాలలో రాజవ్వ చంటిపిల్ల ఒళ్లు చల్లబడసాగింది.

సాయవ్వ కోడలి పొయ్యిలోంచి ఆ మూడు రాళ్లూ ఊడదీసింది. రాళ్లు గంపలో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం గుట్టెక్కింది. వెనకాలే పిల్లనెత్తుకుని రాజవ్వ. సాయవ్వ గుంతలోకి దిగి రాళ్లను ఎక్కడివక్కడ పెట్టింది.

మట్టిలోంచి ఎవరో అడిగారు.

"రాళ్లు పెట్టినవ్. అలికెటోళ్లెవరు?"

"నేనే" అని సాయవ్వ అలికింది.

"అలికినవ్. ముట్టిచ్చెటోళ్లెవరు?"

"నేనే" అని ముట్టించింది. రాజవ్వ చంకలో పిల్ల కొంచెం కదిలింది.

"ముట్టిచ్చినవ్. పండుకున్న మా ఆకలిని లేపిండ్రు. వండెటోళ్లెవరు?"

సాయవ్వ మనవరాలి ముఖం చూసింది. ఆమెకు భయమేసింది. ఎందుకు వెయ్యదు? అయినా "నేనే" అంది.

"రాజవ్వా, పిల్లను తీస్కొని ఇంటికి పో. వీళ్లకు ఇంత బువ్వ వండిపెట్టి వస్త."

రాజవ్వ గుట్ట దిగేసరికి పిల్ల ఒళ్లు వెచ్చబడింది, పాలకోసం ఏడ్చింది. సంతోషం పట్టలేక అత్తకు చెబుదామని మళ్లీ పైకి పరిగెత్తింది. గుంత లేదు. నేలంతా చదునుగా, తెల్లగా ఉంది. అందులోంచి సన్నగా పొగ వస్తోంది.

ఆ పొగ ఇప్పటికీ మధ్యాహ్నంపూట వస్తుంది. ఆ ఊళ్లో అన్నం వడ్డించగానే మొదటి ముద్ద సాయవ్వ పేరున పక్కన పెడతారు. ఎందుకని పిల్లలు అడిగితే ముసలివాళ్లు గుట్ట వైపు చూడకుండా చెబుతారు.

"వండినామె అందరు తిన్నంకనే తింటది. ఆడ తినెటోళ్లు ఇంకా బువ్వ కాడికెళ్లి లేవలే."