ఉప్పు రాశికి కాపలా

అనగనగా అంటాను, ఊఁ కొట్టండి. ఊఁ కొట్టనివాళ్లను వరహాలయ్య అనుమానిస్తాడు.

ఎవరా వరహాలయ్య అంటారా? సముద్రపు ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికంతటికీ ఉప్పు ఆయన మళ్లలోనే పండేది. సముద్రపు నీళ్లు మళ్లలో పెట్టి ఎండనిస్తే అడుగున ఉప్పు పేరుకుంటుంది. దాన్ని పొడుగు కర్రకు బిగించిన పలకతో లాగి, గట్టు మీద రాశి పోస్తారు. వానలు పడేలోగా రాశిని తాటాకు తడకలతో కప్పెయ్యాలి. లేదంటే ఏడాది కష్టమంతా నీళ్లలో కరిగిపోతుంది.

వరహాలయ్య చెడ్డవాడు కాదు. ఒట్టి అనుమానం మనిషి. అన్నంలో రాయి తగిలితే, ఎవరు వేశారని ఇంటిల్లిపాదినీ నిలదీసేవాడు.

ఆ ఏడు రాజుగారు ఎక్కడో కొండ మీద కోట కట్టిస్తున్నారు. పడుచువాళ్లందరూ అక్కడికి కూలికి వెళ్లిపోయారు. మళ్లలో ఉప్పు తెల్లగా మెరుస్తోంది, లాగే చేతులు లేవు. మిగిలింది కొందరు ముసలి పనివాళ్లు, వాళ్లకు పెద్దదిక్కు సన్నెమ్మ.

"ఏటిగట్టున పడవవాళ్లున్నారు కదయ్యా, వాళ్లను పిలిపించండి" అంది సన్నెమ్మ.

ఏటి మీద వంతెన కట్టిన నాటి నుంచి ఆ పడవవాళ్లకు పని లేదు. పడవలు గట్టు మీదే చివికిపోయాయి. ఎక్కడ పని అడిగినా, "ఇన్నాళ్లు ఖాళీగా కూర్చున్నావు, నీకు పనేం వస్తుంది?" అనేవాళ్లు. ఆ మాట విని వచ్చి ఇంకో ఏడాది ఖాళీగా కూర్చునేవాళ్లు. పాపం, ఏం చేస్తారు?

వాళ్లలో పైడయ్య అనేవాడు కబురు విని నమ్మలేదు. "ఇన్నేళ్లు లేని ప్రేమ ఇప్పుడేమిటి? ఇందులో ఏదో మెలిక ఉంది."

"మెలిక ఉంటే విప్పుకుందాం గానీ, ముందు నువ్వు లే" అంది అతని భార్య.

పైడయ్య తోటివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఇదివరకు ఎవరి దగ్గర చేశావు? ఆ యజమాని వచ్చి నీకు పూచీ పడాలి" అన్నాడు వరహాలయ్య.

"ఏటి దగ్గర చేశానయ్యా. వస్తుందేమో అడిగి చూడమంటారా?"

వరహాలయ్యకు నవ్వు రాలేదు. వెటకారం చేసేవాడు ఏదో దాస్తున్నాడనుకుని అందర్నీ తిప్పి పంపేశాడు. ఆకాశంలో మబ్బు తునక కనిపించాకే మళ్లీ కబురు పెట్టాడు. పూచీ సన్నెమ్మే పడింది.

పైడయ్య మడిలో దిగాడు. చేతికి తెడ్డు అలవాటు కదా, పలకను తెడ్డులాగే లోతుకు ముంచి బలంగా లాగాడు. ఉప్పుతో పాటు అడుగునున్న నల్లమట్టి కూడా పైకొచ్చింది.

"చూశావా సన్నెమ్మా! కావాలనే మట్టి కలుపుతున్నాడు. వీణ్ణి ఎవరో గిట్టనివాళ్లు పంపారు!"

"కాదయ్యా, కొత్త. నా పక్కన నిలబెట్టండి, నేను నేర్పుతాను."

"నేర్పడం కాదు, కాపలా కాయి!"

అలా సన్నెమ్మ పలక పక్కన పడేసి పైడయ్యకు కాపలా నిలబడింది. మిగతా ముసలివాళ్లు మిగతా పడవవాళ్లకు కాపలా. కాపలావాళ్లు పడవవాళ్లతో కుమ్మక్కయితే? వాళ్ల మీద నిఘాకు వరహాలయ్య తన బావమరుదుల్ని పెట్టాడు. లాగేవాడొకడు, చూసేవాళ్లిద్దరు.

వరహాలయ్య అటు తిరిగినప్పుడల్లా సన్నెమ్మ మెల్లగా చెప్పేది. "పైపైన తేల్చి లాగు తమ్ముడూ. ఉప్పు పైనే ఉంది." పైడయ్య చెయ్యి తిరిగింది. తెల్లని ఉప్పు గట్టెక్కసాగింది.

అయినా రాశి పెరగాల్సినంత పెరగలేదు. సగానికి పైగా చేతులు కాపలా కాస్తుంటే ఎలా పెరుగుతుంది? వరహాలయ్యకు మాత్రం వేరేలా తోచింది. "ఉప్పు ఎవరో ఎత్తుకుపోతున్నారు!"

ఇక ఆ సాయంత్రం నుంచి పనివాళ్లను, కాపలావాళ్లను వరసలో నిలబెట్టి తలపాగాలు విప్పించి దులపడం మొదలైంది. ఒక్క రవ్వ ఉప్పు రాలలేదు. రాలలేదంటే ఎంత తెలివిగా దాచారో అని ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

ఒకనాడు వరస సగంలో ఉండగా గాలి మారింది. టపటపా చినుకులు పడ్డాయి. రాశి మీద కప్పు లేదు. వరస దాటితే దొంగ అనే ముద్ర పడుతుంది, అందుకే ఎవరూ కదల్లేదు.

పైడయ్య కదిలాడు. తలపాగా విప్పకుండానే రాశి వైపు పరుగు తీశాడు.

"దొంగ! దొంగ! పట్టుకోండి!" అని వరహాలయ్య అరిచాడు. అందరూ వెంటపడ్డారు.

రాశి దగ్గరికి చేరేసరికి పైడయ్య ఒంటిగా ఒక తడకను ఎత్తలేక గుంజుతున్నాడు. "చూస్తారేం? అటు చివర లాగండి!" అని కేకేశాడు. సన్నెమ్మ లాగింది. వెనకే వచ్చినవాళ్లందరూ తలో తడక అందుకున్నారు. రొప్పుతూ వచ్చిన వరహాలయ్య చేతిలోనూ ఎవరో తాడు పెట్టారు. ఆయన బిగించాడు.

పావు వంతు ఉప్పు కరిగిపోయింది. ముప్పావు నిలిచింది.

"వరస దాటితే దొంగ అంటానని తెలియదా నీకు?" అన్నాడు వరహాలయ్య తడిసి ముద్దయి.

"తెలుసయ్యా. ఇన్నేళ్లూ సోమరి అంటే పడ్డాను, దొంగ అన్నా పడతాను. ఈ ఉప్పు పోతే నా పనీ పోతుంది. మళ్లీ ఆ గట్టు మీద కూర్చోవడం మాత్రం నా వల్ల కాదు."

వరహాలయ్యకు సిగ్గేసింది. మర్నాడు ఎండ కాసింది. కాపలా కాసినవాళ్లందరూ పలకలు పట్టారు. మళ్లు నిండా మనుషులే. చేతులు ఎప్పుడూ ఇన్ని ఉన్నాయా అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం పైడయ్య ఇంటికి బయలుదేరుతుంటే, వరహాలయ్య చూపు అలవాటుగా తలపాగా వైపు పోయింది. వెంటనే తిప్పేసుకుని, "రేపు పెందలాడే రావయ్యా" అన్నాడు.

పనికి చేతులు చాలడం లేదని వాపోయేవాడు, తన అనుమానానికి ఎన్ని చేతులు అప్పగించాడో ముందు చూసుకోవాలి.