తొమ్మిది సెకన్లు తప్ప

శర్వాణి తొలి సోలో ఆల్బమ్ ఆ రోజు సాయంత్రం నాలుగింటికల్లా రికార్డులు అచ్చువేసే కంపెనీకి నెట్‌లో వెళ్లిపోవాలి. ఆ గడువు దాటితే మళ్లీ వచ్చే ఏడాదే. అట్ట మీది బొమ్మ సిద్ధం. ఆరు పాటల్లో ఐదు సిద్ధం. నాలుగో పాట ఒక్కటే మూడు నెలలుగా ఆమె ప్రాణం తోడేస్తోంది.

పాట అంటే మాటలుండవు. తోడు వాయిద్యాలూ ఉండవు. ఒక్క ఎలక్ట్రిక్ గిటారు, దాని వెనక ఒక పెద్ద స్పీకరు. నాలుగో పాటలో ఆ గిటారు గొణుగుడుతో మొదలై, కేకై, ఇక గోడలు నిలవవు అనుకున్న చోట టక్కున ఆగిపోతుంది. తొమ్మిది సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఒకే ఒక్క స్వరం, సన్నగా.

ఆ తొమ్మిది సెకన్ల కోసమే ఆల్బమ్ చేశానని శర్వాణి అందరితో చెప్పేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అంత గట్టిగా పెట్టిన స్పీకరు ఊరికే నోరు మూసుకోదు. తీగల మీద నుంచి రెండు చేతులూ ఎత్తేస్తే చాలు, పక్కింట్లో గ్రైండరు వేసినట్టు జుమ్మని మోగుతుంది. చేతులు తీగల మీదే ఉంచితే ఆ మోత అణుగుతుంది కానీ, అప్పుడు వేలు వెంట్రుకవాసి కదిలినా గరగరమని వినిపించేస్తుంది. ఈ సంగతి గిటారు పట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. శర్వాణికీ తెలుసు. అందుకే ఆమె చేతులెత్తేసి, ఆ మోతను తర్వాత కంప్యూటర్లో తుడిచేసింది. తుడిచాక అక్కడ మచ్చుకైనా చప్పుడు లేదు.

అయినా ఏదో బాగాలేదు. ఏం బాగాలేదో తెలియదు. విన్న స్నేహితులు బ్రహ్మాండం అన్నారు. వాళ్లు పెళ్లి ఊరేగింపులో బ్యాండునీ బ్రహ్మాండమే అంటారు. దాంతో ఆమె ఆ పొద్దున గిటారూ కంప్యూటరూ భుజాన వేసుకుని రాజమండ్రిలో బస్సెక్కి, మధ్యాహ్నానికి విశాఖపట్నం పాతఊళ్లో, తనకు గిటారు నేర్పిన ఆశీర్వాదం మాస్టారి మేడ మీద వాలింది.

మాస్టారికి డెబ్బై దాటాయి. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. నడుపుతున్న రోజుల్లోనే తొమ్మిది సోలో ఆల్బమ్‌లు చేశారు. ఒకటి మొత్తం ఒకే తీగ మీద సాగుతుంది. ఇంకోటి టూత్‌బ్రష్షుతోనూ గుర్రపునాడాతోనూ వాయించారు. మూడోది కొన్న ఆసామి క్యాసెట్ పాడైపోయిందని వెనక్కి తెచ్చిచ్చాడు. మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి మళ్లీ మొదటినుంచీ వినిపించారు. వెళ్తూ వెళ్తూ ఆ ఆసామి ఇంకో క్యాసెట్ కూడా పట్టుకుపోయాడు. ఆ తొమ్మిదీ విన్నవాళ్లు ఊళ్లో పదిమంది ఉంటే గొప్ప. కానీ ఆ పదిమందిలో ఎవర్ని కదిపినా చాలు, అన్నం చల్లారిపోయినా కబుర్లు ఆపరు.

మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు వాయిస్తుంటే ఆయన కుర్చీ గోడవైపు తిప్పి, వాళ్లకు వీపుపెట్టి కూర్చుంటారు. చూస్తే కళ్లు మెచ్చుకుంటాయట, చెవులకు పని ఉండదట.

ఆ రోజూ అలాగే కూర్చుని, ఆమె కంప్యూటర్లోంచి పెట్టిన పాట విన్నారు. గిటారు పెరిగింది, కేకలేసింది, కిటికీ అద్దాలు వణికాయి. శర్వాణి కళ్లు మెరిసిపోతున్నాయి. టక్కున ఆగిపోయింది.

వంటింట్లోంచి మాస్టారి భార్య మార్తమ్మ గారు చిల్లులగరిటె పట్టుకుని గబగబా వచ్చారు. శిష్యురాలు వచ్చిందని ఆవిడ గారెలు వేస్తున్నారు.

“ఏమండీ, కరెంటు పోయిందేటి?”

అని పైకి చూశారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ వెంటనే సన్నటి స్వరం మోగింది. ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అర్థంకాక లోపలికి వెళ్లిపోయారు.

శర్వాణికి తల కొట్టేసినట్టయింది. మూడు నెలల కష్టం కరెంటు కోతతో సమానమైపోయింది.

మాస్టారు అట్ట చూపించమన్నారు. ఆమె సంచిలోంచి నమూనా తీసి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని వెనకవైపు చిన్నక్షరాలు కూడబలుక్కుని చదివారు. వాయించినది, రికార్డు చేసినది, కూర్చినది అన్నీ శర్వాణి అని ఉంది. ఇదంతా నిజమేనా అని అడిగారు.

ఆమెకు పోయిన ఉత్సాహం తిరిగొచ్చింది. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఇందులో తను తప్ప పురుగు కూడా లేదని గడగడా చెప్పింది.

మాస్టారు చెవి మీది పెన్సిలు తీశారు. ఆమె పేరు కింద ఏదో రాసి అట్ట తిరిగిచ్చారు. శర్వాణి చూసుకుంది.

“నాలుగో పాటలో తొమ్మిది సెకన్లు తప్ప.”

ఆమెకు రోషం పొడుచుకొచ్చింది.

“అది నిశ్శబ్దం కదా మాస్టారూ! అందులో వాయించడానికి ఏముంది?”

ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. ఆ ఇంట్లో దానికి ఒకటే అర్థం, వాయించమని.

గడియారం రెండున్నర చూపిస్తోంది. మాస్టారి పాత స్పీకరుకు గిటారు తగిలించి, రికార్డు చేసే డబ్బా పక్కన పెట్టి, శర్వాణి కోపంగా మొదలెట్టింది. కోపానికి పాట ఇంకా బాగా వచ్చింది. ఖాళీ దగ్గరకు రాగానే అలవాటుగా రెండు చేతులూ గాల్లోకి లేచాయి. జుమ్మని మోత. మాస్టారి వీపు కదల్లేదు. ఆమె ఆపేసింది.

రెండోసారి చేతులు తీగల మీదే ఉంచింది. మోత చచ్చిపోయింది. ఒక సెకను, రెండు సెకన్లు. అప్పుడు వినిపించింది, వేళ్ల కింద గరగర. తన చేయి వణుకుతోంది. తనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదనుకున్న ఆ వణుకు అంత పెద్ద స్పీకరులోంచి గదంతా పరుచుకుంటుంటే ఆమెకు బట్టల్లేకుండా వీధిలో నిలబడ్డట్టు సిగ్గేసింది. చేతులు లాగేసుకుంది.

మూడు దాటింది. రికార్డు చేసిన పాట కంప్యూటర్లో ఉండనే ఉంది, అదే పంపేసి ఊరుకుందామా అనుకుంది. ఒళ్లో ఉన్న అట్ట కేసి చూసింది. పెన్సిలు గీతలు.

మూడోసారి మొదలెట్టింది.

ఈసారి గొణుగుడు దగ్గరే ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. గిటారు తనంతట తనే ఎక్కుతున్నట్టుంది. కిటికీ అద్దాలు, గోడకున్న క్యాలెండరు, స్టూలు మీద గ్లాసు, అన్నీ మోగుతున్నాయి. కేక పైకంటా వెళ్లింది. రెండు అరచేతులూ తీగల మీద పడ్డాయి. ఆగిపోయింది.

ఒకటి. వణుకు వచ్చింది, గరగరమంది. రెండు. ఆమె చేయి తీయలేదు. మూడు, నాలుగు. చర్మం ఇనుప తీగ మీద జారడం, మళ్లీ పట్టుకోవడం వినిపిస్తున్నాయి. ఐదు. మణికట్టులో నాడి కొట్టుకుంటుంటే దానికి తగ్గట్టు తీగ సన్నగా మూలుగుతోంది. ఎంత భయమేసిందో అంత ఆనందమూ కలిగింది. వంటింటి గుమ్మంలో మార్తమ్మ గారు నిలబడిపోయారు. చిల్లులగరిటె లోంచి నూనె బొట్లు నేల మీద పడుతున్నాయి, ఆవిడ చూసుకోవడం లేదు. ఏడు. లోపల మూకుడులో గారెలు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఎనిమిది.

తొమ్మిది దాటాక ఆ ఒక్క స్వరం వచ్చింది.

అది ఆరిపోయాక మార్తమ్మ గారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, అప్పుడు గారెలు గుర్తొచ్చి లోపలికి పరిగెత్తారు.

శర్వాణి చేతులు ఇంకా తీగల మీదే ఉన్నాయి.

“మాస్టారూ, నా చేయి వణికింది. అంతా వినిపించేసింది.”

“వినిపించింది,” అన్నారు మాస్టారు.

కుర్చీ ఇటు తిప్పి, ఆమె ఒళ్లోని అట్ట అందుకున్నారు. కళ్లజోడు సవరించుకున్నారు.

“మార్తా, ఆ రబ్బరు ఇలా ఇవ్వు.”